పాతబస్తీ స్త్రీలు: సంస్కరణ నుంచి ఓటు హక్కు దాకా

హైదరాబాద్ పాతబస్తీలోనూ, మూసీకి ఉత్తరాన దాన్ని ఆనుకుని పెరిగిన నగరంలోనూ 19వ శతాబ్ది చివరి నుంచి 1952 సాధారణ ఎన్నికల దాకా స్త్రీలు చేసిన సంఘ సంస్కరణ కృషి, అది ఓటు హక్కుతో కలిసిన తీరు ఈ వ్యాస విషయం. బ్రిటిష్ ఇండియాలో స్త్రీల ఓటు కోసం సభలు జరిగాయి, మహజర్లు వెళ్లాయి, రాయబారాలు నడిచాయి. నిజాం రాజ్యంలో అలాంటి ఉద్యమం కనిపించదు. ప్రజలు ఎన్నుకునే శాసనసభే లేనిచోట ఓటు ఎవరిని అడగాలి? అక్కడ మగవాళ్లకూ ఓటు లేదు. అయినా దేశంలో స్త్రీల ఓటు కోసం ముందు నిలబడి మాట్లాడిన సరోజినీ నాయుడు హైదరాబాదులోనే పుట్టారు. అందరికీ ఓటు వచ్చిన తొలి ఎన్నికల్లోనే పాతబస్తీలోని శాలిబండ ఒక స్త్రీని శాసనసభకు పంపింది. ఈ రెంటి నడుమ బడులు, పత్రికలు, వరద సహాయం, జనానా సభల రూపంలో యాభై ఏళ్ల పని ఉంది. మన చరిత్ర రచన దాన్ని రెండు ముక్కలు చేసి, ఉర్దూ మాట్లాడే స్త్రీల కథ ఒకచోట, తెలుగు స్త్రీల కథ మరోచోట చెప్పుకొచ్చింది. ఆ రెండూ ఒకే నగరంలో, ఒకే పాలన కింద, చాలావరకు ఒకే అడ్డంకుల మధ్య నడిచాయి. కాబట్టి ఇక్కడ వాటిని కలిపే చెప్పాలి.

నగరం, పాలన

1591లో కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ చుట్టూ శాలిబండ, పత్తర్‌గట్టి, మొఘల్‌పురా, యాకుత్‌పురా, పురానీ హవేలీ వంటి పేటలతో పాతబస్తీ విస్తరించింది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఇక్కడి జీవితం దేవిడీల (పెద్ద భవనాల) చుట్టూ తిరిగేది. అమీర్ల దేవిడీల్లో స్త్రీల భాగం జనానా. బయటికి వెళ్లాలంటే తెరలు కట్టిన బండి, లేదా మేనా. ముస్లిం కుటుంబాల్లోనే కాదు, దర్బారుతో సంబంధమున్న హిందూ కుటుంబాల్లోనూ ఘోషా (పర్దా) ఉండేది. పేద స్త్రీలకు ఆ అవకాశమే లేదు. కూలికి పోయేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, దేవిడీల్లో చాకిరీ చేసేవాళ్లు వీధిలోనే బతికారు. సంస్కరణ గురించి రాసినవాళ్లు ఎక్కువగా జనానా స్త్రీలనే చూశారన్నది మొదటే గుర్తుంచుకోవలసిన సంగతి.

రాజకీయంగా నిజాం రాజ్యం బ్రిటిష్ రాష్ట్రాల కంటే చాలా వెనకబడి ఉంది. 1893లో ఏర్పడిన శాసన మండలిలో కొద్దిమందే సభ్యులు, వాళ్లలోనూ అధికారులే ఎక్కువ. పైగా బహిరంగ సభలకు ముందుగా అనుమతి తీసుకోవాలన్న నిబంధన. ‘గస్తీ నిశాన్ తిర్పన్’ పేరుతో జనం నోళ్లలో నానిన 53వ నంబరు ఉత్తర్వు సభ పెట్టదలచిన ప్రతి ఒక్కరికీ మెడమీద కత్తి. సంఘ సంస్కరణ గురించి మాట్లాడతామంటే అనుమతి దొరికేది, రాజకీయమంటే దొరికేది కాదు. హైదరాబాదులో స్త్రీల కృషి చదువు, పర్దా, బాల్య వివాహం అనే మాటల్లోనే ఎందుకు సాగిందో, ఓటు అనే మాట ఎందుకు వినబడలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది. రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల అధీనంలో ఉండడంతో ఇప్పటి కోఠీ, సుల్తాన్ బజార్ ప్రాంతంలో సభలకు కొంత ఊపిరాడేది. నగరంలోని బహిరంగ జీవితం మూసీ దాటి అటువైపు మొగ్గడానికి ఇదొక కారణం.

బడి, ఆస్పత్రి

మార్పు మొదట చదువులోనే కనిపిస్తుంది. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరిన ఐదుగురు స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. క్లోరోఫాం వాడకంపై వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఈ నగరంలో జరిపించిన ప్రయోగాల కాలంలో ఆమె మత్తు ఇచ్చే వైద్యంలో ఆరితేరారు. ప్రపంచంలో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పాలా వద్దా అని ఇంకా తర్జనభర్జన జరుగుతున్న నగరంలో, రోగికి ఎంత మత్తు ఇవ్వాలో ఒక స్త్రీ నిర్ణయిస్తూ ఉండేది.

ముస్లిం ఉన్నత కుటుంబాల్లో ఈ మార్పుకు తయ్యబా బేగం బిల్‌గ్రామీ (1873–1921) ముఖ్య ప్రతినిధి. ఆమె తండ్రి సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ఇమాదుల్ ముల్క్‌గా పేరుపడ్డవారు, నిజాం విద్యాశాఖను నడిపిన పండితుడు. తయ్యబా బేగం ఇంట్లోనే చదువుకుని, పెళ్లయి పిల్లలున్న వయసులో 1910లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. అందుకున్నారు. దేశంలో పట్టభద్రులైన తొలి ముస్లిం మహిళగా ఆమెను చెబుతారు. ‘అన్వరీ బేగం’, ‘హష్మతున్నిసా’ అనే ఉర్దూ నవలలు రాశారు. భర్త బిరుదును బట్టి బేగం ఖదీవ్ జంగ్‌గా కూడా ఆమె ప్రసిద్ధులు. తెలుగు పాఠకులకు ఆమె పేరు దాదాపు తెలియదు. హైదరాబాద్ స్త్రీల చరిత్రను సరోజినీ నాయుడితో మొదలుపెట్టి ఆమెతోనే ముగించే అలవాటు వల్ల జరిగిన నష్టాల్లో ఇదొకటి.

1907లో మహబూబియా బాలికల పాఠశాల వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న ఈ బడి వెనక లేడీ అమీనా హైదరీ వంటివారి పట్టుదల ఉంది. పర్దాకు భంగం రాకుండా ఆడపిల్లలను ఇంగ్లీషు చదువుకు తీసుకురావడం దాని పద్ధతి. బయటి నుంచి చూస్తే అది రాజీలాగే ఉంటుంది. ఆ రాజీ లేకపోతే దేవిడీల గుమ్మం దాటి ఒక్క పిల్ల కూడా వచ్చేది కాదన్నది కూడా నిజమే. నాంపల్లిలోని బాలికల పాఠశాల మీద ఆధారపడి 1924లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల మొదలైంది. 1949లో అది పాత రెసిడెన్సీ భవనానికి మారింది. కోఠీ విమెన్స్ కాలేజీ అని ఇప్పటికీ నగరం పిలుచుకునేది దాన్నే.

1908 వరద

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఒక్క రోజులో దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. వేల ఇళ్లు కొట్టుకుపోయాయి, ఏటి ఒడ్డు పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఘోషాలో ఉండే స్త్రీలు మొదటిసారి పెద్ద సంఖ్యలో వీధిన పడ్డది ఆ రోజునే. అలాంటివాళ్లకు అన్నం, బట్టలు, తలదాచుకునే చోటు మగవాళ్లు అందించలేరు. ఎదురుగా నిలబడి మాట్లాడడానికే కుదరదు. లేడీ అమీనా హైదరీ, సరోజినీ నాయుడు తదితరులు ఈ పనికి పూనుకున్నారు. ఆ సేవకు ఇద్దరికీ బ్రిటిష్ ప్రభుత్వం కైసరే హింద్ పతకాలిచ్చింది. జలియన్‌వాలా బాగ్ మారణకాండ తర్వాత సరోజిని తన పతకాన్ని తిప్పి పంపారు.

నా దృష్టిలో హైదరాబాద్ స్త్రీల బహిరంగ జీవితానికి అసలు ఆరంభం ఏ సంఘం స్థాపనా కాదు, ఈ వరదే. అంతకుముందు స్త్రీల సమావేశమంటే చదువుకున్న కొద్దిమంది కలుసుకోవడం. వరద వాళ్లను తమ తరగతికి చెందని స్త్రీల దగ్గరికి నడిపించింది. చందాలు వసూలు చేయడం, లెక్కలు రాయడం, అధికారులకు అర్జీలు పెట్టడం వాళ్లు అక్కడే నేర్చుకున్నారు. ముందు ముందు సంఘాలు నడపడానికి పనికొచ్చిన విద్య అది.

సరోజినీ నాయుడు

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఇప్పటి నిజాం కాలేజీకి మూలమైన హైదరాబాద్ కాలేజీని నడిపినవారు. చాందా రైల్వే ఒప్పందాన్ని వ్యతిరేకించినందుకు 1883లో ఆయన్ను నగరం నుంచి వెళ్లగొట్టారు. తర్వాత తిరిగి రానిచ్చారు. రాజ్యం మీద ప్రశ్న అడిగితే ఏమవుతుందో ఆ ఇంట్లో సరోజినికి చిన్నప్పుడే తెలిసిందన్నమాట. పన్నెండో ఏటనే మద్రాసు మెట్రిక్యులేషన్ గట్టెక్కిన సరోజిని నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లి చదివారు. 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడితో మద్రాసులో జరిగిన ఆమె కులాంతర వివాహాన్ని కందుకూరి వీరేశలింగం జరిపించారు. రాజమహేంద్రవరంలో వితంతు వివాహాలతో మొదలైన సంస్కరణ ధార, నిజాం నగరంలోని ఈ ఇంటిని ఇలా తాకింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని వాళ్ల ఇల్లు, ఆమె 1905 కవితా సంపుటి పేరు మీద ‘గోల్డెన్ థ్రెషోల్డ్’గా నిలిచింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ప్రాంగణంలోనే.

ఓటు పోరాటంలో ఆమె పాత్ర 1917లో మొదలవుతుంది. ఆ ఏడాది మే నెలలో మద్రాసు అడయారులో మార్గరెట్ కజిన్స్, డొరోతీ జినరాజదాస, అనీ బిసెంట్ భారత మహిళా సంఘాన్ని స్థాపించారు. రాజ్యాంగ సంస్కరణల గురించి అభిప్రాయాలు తెలుసుకోవడానికి భారత వ్యవహారాల మంత్రి మాంటేగు దేశానికి వచ్చినప్పుడు, డిసెంబరులో మద్రాసులో ఆయన్నూ వైస్రాయి ఛేమ్స్‌ఫర్డ్‌నూ కలిసిన స్త్రీల ప్రతినిధి బృందానికి సరోజిని నాయకత్వం వహించారు. కొత్త ఓటు నిబంధనల్లో స్త్రీలనూ ప్రజలుగా లెక్కించాలన్నది వాళ్ల కోరిక. 1918లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశంలో స్త్రీల ఓటు తీర్మానాన్ని ఆమె సమర్థించి మాట్లాడారు. ఓటు నిబంధనలు సూచించడానికి వేసిన సౌత్‌బరో కమిటీ మాత్రం ఈ దేశపు సాంఘిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు ఇప్పుడే కుదరదని తేల్చింది. పర్దాను ఒక పెద్ద అభ్యంతరంగా చూపింది. 1919లో సరోజిని లండన్ వెళ్లి పార్లమెంటు సంయుక్త సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. అనీ బిసెంట్, బొంబాయి నుంచి వెళ్లిన హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠాన్ కూడా అక్కడ వాదించారు.

1919 భారత ప్రభుత్వ చట్టం స్త్రీల ఓటు నిర్ణయాన్ని రాష్ట్రాల శాసన మండళ్లకే వదిలేసింది. 1921లో మద్రాసు, బొంబాయి రాష్ట్రాలు స్త్రీలను అడ్డుకునే నిబంధనను తొలగించాయి. దాంతో మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో ఆస్తి ఉన్న కొద్దిమంది స్త్రీలు ఓటర్లయ్యారు. బెజవాడలో, గుంటూరులో, బళ్లారిలో వచ్చిన ఆ హక్కు హైదరాబాదులో, వరంగల్లులో రాలేదు. సంస్థానాల్లోనూ తిరువాన్కూరు వంటివి ముందే ఓటిచ్చాయి. లండన్ దాకా వెళ్లి వాదించిన సరోజినికి సొంత ఊళ్లో ఓటు లేదు. 1930లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించినప్పుడూ, 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి స్త్రీల ప్రతినిధిగా వెళ్లినప్పుడూ పరిస్థితి అదే.

రౌండ్ టేబుల్ కాలంలో స్త్రీల సంఘాల మధ్య వచ్చిన చీలిక ఇక్కడ ముఖ్యం. కొందరు ప్రత్యేక సీట్లు, చదువును బట్టీ భర్త ఆస్తిని బట్టీ ఓటు వంటి మధ్యే మార్గాలకు సిద్ధపడ్డారు. సరోజిని, ఆమెతో నిలిచిన సంఘాలు వయోజనులందరికీ ఓటు తప్ప మరేదీ వద్దన్నాయి, స్త్రీలకు ప్రత్యేక సీట్లనూ నిరాకరించాయి. 1935 భారత ప్రభుత్వ చట్టం వాళ్ల మాట వినలేదు. అది ఓటిచ్చిన స్త్రీలు సుమారు 60 లక్షలు, పురుషులు దాదాపు 2 కోట్ల 90 లక్షలు. వయోజన ఓటు గురించి ఆమె పట్టుదల సరైనదేనని 1952 నిరూపించింది. ప్రత్యేక సీట్లు వద్దన్న మాటకు మాత్రం దేశ స్త్రీలు ఎక్కువ మూల్యమే చెల్లించారని తర్వాతి చట్టసభల కూర్పు చూస్తే అనిపిస్తుంది. సరోజిని 1949 మార్చి 2న లక్నోలో, యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్) గవర్నరుగా ఉండగా కన్నుమూశారు. తొలి సాధారణ ఎన్నికలు ఆమె చూడలేదు.

సుగ్రా హుమాయూన్ మిర్జా

సరోజిని దేశం మీద తిరుగుతున్న కాలంలో నగరాన్ని పట్టుకుని పనిచేసిన మనిషి సుగ్రా హుమాయూన్ మిర్జా (1884–1958). హైదరాబాదులోనే పుట్టారు. 1901లో బారిస్టరు సయ్యద్ హుమాయూన్ మిర్జాను పెళ్లాడారు. 1919లో ఏర్పడిన అంజుమనే ఖవాతీనే దక్కన్ (దక్కన్ స్త్రీల సంఘం)కు ఆమే ప్రాణం. ‘అన్నిసా’, ‘జేబున్నిసా’ అనే స్త్రీల పత్రికలకు సంపాదకత్వం వహించారు, నవలలు, కవితలు రాశారు. ఇరాక్, యూరపు ప్రయాణాలు చేసి యాత్రా గ్రంథాలు ప్రచురించారు. హైదరాబాద్ ఉన్నత ముస్లిం కుటుంబాల్లో పర్దా వదిలి బయటికొచ్చిన తొలి స్త్రీగా ఆమెకు పేరు. 1934లో ఆమె స్థాపించిన సఫ్దరియా బాలికల పాఠశాల ఉర్దూ మాధ్యమంలో, పేద పిల్లలను ఉద్దేశించి నడిచింది.

సుగ్రా పత్రికల్లో ఓటు కంటే ఇల్లు ఎక్కువ. పెళ్లి వయసు, బహు భార్యాత్వం, ఆడపిల్లల చదువు, ఇస్లాం స్త్రీకి ఇచ్చిన ఆస్తి హక్కు ఆచరణలో ఎందుకు దక్కడం లేదన్న ప్రశ్న. ఓటు ఊసే లేనిచోట వీటిని రాజకీయం కాదని పక్కన పెట్టడం తేలిక. కానీ జనానాలో కూర్చుని నెలనెలా పత్రిక చదివి, దానికి ఉత్తరం రాసి, తన పేరుతో అచ్చు కావడం చూసుకున్న స్త్రీకి తన అభిప్రాయానికి విలువ ఉందని తెలిసింది. ఓటరుకు ముందు కావలసింది అదే.

తెలుగు స్త్రీల సభలు

1921 నవంబరులో కోఠీలోని వివేకవర్ధినీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. పుణేలో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన ధోండో కేశవ్ కార్వే అధ్యక్షులు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టిందన్నది తెలంగాణ చరిత్ర తెలిసిన ప్రతివారికీ తెలిసిన కథ. అది స్త్రీల చదువుకు జీవితం ధారపోసిన మనిషి అధ్యక్షతన జరిగిన సభ అన్న సంగతి అంతగా గుర్తుండదు. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు మాధ్యమంతో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టినప్పుడు, ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో దానికి గుర్తింపు దొరక్క చివరికి కార్వే విశ్వవిద్యాలయానికే అనుబంధం చేశారు. తెలంగాణలో చదువుకున్న తెలుగు స్త్రీల తొలి తరంలో చాలామంది ఆ బడి పిల్లలే.

ఆ జనసంఘం పని పెరిగి 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహిళా సభ. ఆ తర్వాత పురుషుల సభ ఎక్కడ జరిగితే అక్కడే మహిళా సభ జరిగింది. దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, షాద్‌నగర్‌లో బూర్గుల అనంతలక్ష్మమ్మ, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి, 1941లో చిలుకూరులో రంగమ్మ ఓబుల్‌రెడ్డి అధ్యక్షులయ్యారు. బాల్య వివాహాలు ఆపాలి, వితంతువుల పెళ్లిళ్లు జరగాలి, ఆడపిల్లలకు బడులు పెట్టాలి, స్త్రీలకు ఆస్తి హక్కు కావాలి అన్నవి ఈ సభల్లో మళ్లీ మళ్లీ వచ్చిన అంశాలు. వేదికలు ఊళ్లలో ఉన్నా, వీటిని నడిపినవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ నగర స్త్రీలు.

పాతబస్తీ ఉర్దూ స్త్రీల సంఘాలూ, ఈ తెలుగు మహిళా సభలూ ఒకే ప్రశ్నల మీద పనిచేశాయి. అయినా వాటి మధ్య రాకపోకలు తక్కువ. భాష వేరు, పత్రికలు వేరు, చుట్టరికాలు వేరు. కులం విషయంలో రెండు వైపులా మౌనమే ఎక్కువ. దళిత బాలికలకు బడులు పెట్టడం, దేవుడి పేరుతో ఆడపిల్లలను జోగినులుగా, మురళీలుగా వదిలే ఆచారాన్ని ఎదిరించడం నగరంలో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) నడిపిన ఆది హిందూ సంఘాల మీద పడింది. అగ్రవర్ణ స్త్రీల సభల తీర్మానాల్లో అది కేంద్ర విషయం కాలేదు.

1937లో నిజాం ప్రభుత్వం అరవముదు అయ్యంగార్ కమిటీని వేసి, 1939లో సంస్కరణలు ప్రకటించింది. 85 మంది సభ్యుల శాసనసభ, అందులో ఎన్నికయ్యేవాళ్లు 42 మందే. ఆ ఎన్నిక కూడా జనం అందరిదీ కాదు. జాగీర్దార్లు, పట్టాదార్లు, వర్తకులు, వకీళ్లు అంటూ వృత్తుల వారీగా. 1946లో ఇది అమలయ్యేనాటికి స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. సామాన్య స్త్రీకి అందులో చోటు లేదు. ఈలోగా పల్లెల్లో సాయుధ పోరాటం మొదలైంది. ఆరుట్ల కమలాదేవి వంటివాళ్లు తుపాకి పట్టారు. నగరంలో స్త్రీలు అజ్ఞాతంలో ఉన్నవాళ్లకు ఆశ్రయమిచ్చారు. వాళ్లందరి మాటలూ స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వినవచ్చు. ఆ పుస్తకం రాకపోతే హైదరాబాదులోని ఎంతోమంది స్త్రీల పేర్లు పూర్తిగా చెరిగిపోయేవి.

1952: శాలిబండ

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950 రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటిచ్చింది. ఇంగ్లండులో స్త్రీలకు 1918లో కొందరికి, 1928లో అందరికీ అన్నట్టు మెట్లమెట్లుగా వచ్చింది, హైదరాబాద్ స్త్రీకి మాత్రం ఒకేసారి, పురుషుడితో సమంగా వచ్చింది. పాతబస్తీలో చదువుకున్న బేగంకూ, ఆమె ఇంట్లో గిన్నెలు తోమే మనిషికీ ఒకే రోజున, ఒకే ఓటు.

దాన్ని వాడుకోవడం అంత సులువు కాలేదు. దేశవ్యాప్తంగా ఓటర్ల జాబితాలు రాస్తున్నప్పుడు చాలామంది స్త్రీలు సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యనని, ఫలానావాడి తల్లినని మాత్రమే చెప్పారు. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. పేరు లేని ఎంట్రీలను కొట్టేయించారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు అలా జాబితాకెక్కలేదు, వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. కఠినమైన నిర్ణయమే. కానీ ఓటు మనిషిది, చుట్టరికానిది కాదని దేశం మొదటిసారి గట్టిగా చెప్పింది అప్పుడే. పర్దా పాటించే స్త్రీల కోసం దేశంలో 27,527 బూత్‌లను ప్రత్యేకించారు. సౌత్‌బరో కమిటీ అడ్డంకిగా చూపిన పర్దాకు పరిష్కారం ఒక వేరే గదీ, ఒక మహిళా ఉద్యోగీ మాత్రమేనని తేలిపోయింది.

ఆ ఎన్నికల్లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు 175 స్థానాలు. శాలిబండ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచినవారు మాసూమా బేగం. 1901 అక్టోబరు 7న పుట్టారు, తయ్యబా బేగం కూతురు, మహబూబియా విద్యార్థిని. 1921లో తల్లి పోయాక అంజుమనే ఖవాతీన్ అనే స్త్రీల సంఘం బాధ్యత ఆమె భుజాల మీద పడింది. ముప్పై ఏళ్లపాటు పేద స్త్రీలకు చదువు, చేతిపని నేర్పే కేంద్రాల చుట్టూ తిరిగిన మనిషిని ఓటర్లు కొత్తగా పరిచయం చేసుకోవలసిన పని లేదు. ముస్లింల పార్టీ అయిన మజ్లిస్ అప్పటికి తెరమరుగై ఉండడం, 1948లో రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత పాతబస్తీ ముస్లింలు భయంలో ఉండడం కూడా కాంగ్రెస్‌కు కలిసొచ్చాయి. అయినా ఆ గెలుపును పార్టీ గాలికి వదిలేస్తే తల్లీకూతుళ్ల పని లెక్కలోకి రాకుండా పోతుంది.

అదే సభలో ఆలేరు నుంచి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి కాంగ్రెస్ తరఫున సంగెం లక్ష్మీబాయి కూర్చున్నారు. ఘట్కేసర్‌లో పుట్టి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన లక్ష్మీబాయి అనాథ బాలికల కోసం ఇందిరా సేవా సదన్ స్థాపించారు. సైదాబాద్ దగ్గర ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో బస్సు దిగేవాళ్లలో ఆ రెండక్షరాలు దేనివో తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ. ఆమె విద్యాశాఖ ఉపమంత్రిగా, తర్వాత మూడుసార్లు లోక్‌సభ సభ్యురాలిగా పనిచేశారు. 1957లో బాన్సువాడ నుంచి ఎల్లాప్రగడ సీతాకుమారి శాసనసభకు వచ్చారు. మహిళా సభల వేదికలు చట్టసభకు మెట్లయ్యాయనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

మాసూమా బేగం 1957లో పత్తర్‌గట్టి నుంచి మళ్లీ గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చేపట్టారు. దేశంలో మంత్రి అయిన తొలి ముస్లిం మహిళగా ఆమెను పేర్కొంటారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి నడిపిన ఆ మంత్రివర్గంలోనే సికింద్రాబాదుకు చెందిన దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి దేవాదాయ శాఖ చూశారు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన స్త్రీ చేతికి గుళ్ల పాలన వచ్చింది. జనానాలో పెరిగిన స్త్రీ చేతికి నిరాశ్రయుల సంక్షేమం వచ్చింది. జె. ఈశ్వరీబాయి సికింద్రాబాద్ చిలకలగూడ నుంచి పురపాలక సభ్యురాలిగా మొదలై రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి శాసనసభ్యురాలయ్యారు. 1962లో రాణి కుముదినీ దేవి నగర మేయరయ్యారు.

1962 తర్వాత

అదే 1962లో పత్తర్‌గట్టిలో మాసూమా బేగం మజ్లిస్ నాయకుడు సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. పాతబస్తీ రాజకీయాల దారి ఆ ఎన్నికతో మారింది. ఆ ఏడాదే ఆమె అఖిల భారత మహిళా సభ అధ్యక్షురాలయ్యారు. 1974లో పద్మశ్రీ వచ్చింది. 1990లో మరణించారు. హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1952 నుంచి ఇప్పటిదాకా ఒక్క స్త్రీనీ పంపలేదు. గెలిచే పార్టీలు మారాయి, ఈ ఒక్క విషయం మారలేదు.

ఓటు ఉన్నా ఇంటి లోపలి కష్టం తీరలేదన్నది పాతబస్తీలో తర్వాతి తరం స్త్రీలు ఎత్తిన మాట. 1980, 90లలో గల్ఫ్ షేకులకు మైనరు బాలికలను నిఖా పేరుతో అప్పగించే దళారుల వ్యవహారం దేశాన్ని కుదిపింది. కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన షాహీన్ ఇలాంటి పెళ్లిళ్లు, గృహహింస, చదువు మానిపించడం వంటి సమస్యల మీద బస్తీల్లో పనిచేస్తూ వచ్చింది. ఒక విధంగా ఇది సుగ్రా పత్రికల ప్రశ్నలే. తేడా ఏమిటంటే, ఇప్పుడు అడుగుతున్నది జనానా బేగంలు కాదు, జరీ పని, అగరబత్తి పని చేసుకుని బతికే ఇళ్ల ఆడపిల్లలు.

2016 హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఎన్నికల్లో 150 వార్డుల్లో సగం స్త్రీలకు రిజర్వు చేశారు. పాతబస్తీలో ప్రతి పార్టీ స్త్రీ అభ్యర్థులను వెతుక్కోవలసి వచ్చింది. గెలిచినవాళ్లలో కొందరి పని ఇంట్లో మగవాళ్లు చేస్తారన్న విమర్శ ఉంది, అది పూర్తిగా తప్పూ కాదు. కానీ మురుగుకాలువ పొంగిందని ఫిర్యాదు పట్టుకుని ఒక స్త్రీ నేరుగా మరో స్త్రీ కార్పొరేటరు ఇంటికి వెళ్లగలగడం పాతబస్తీలో చిన్న విషయం కాదు. లోక్‌సభ, శాసనసభల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజనలతో దాని అమలును ముడిపెట్టారు. 1931లో సరోజిని వద్దన్న ప్రత్యేక సీట్లు అలా చట్టంలోకి వచ్చాయి.